టికెట్ లేని తలుపు

ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా ఎవరో ఒకరు నా ఉద్యోగం సంగతి అడుగుతారు. చర్చిలో పని అంటే పాస్టరమ్మనేమో అనుకుంటారు. మేనేజర్ని అంటే చర్చికి మేనేజరేంటి అంటారు. అందుకే ఒకసారి వివరంగా రాద్దామనిపించింది.

ఇంగ్లండ్ ఉత్తరాన డర్హం కెథెడ్రల్‌లో, అంటే బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చిలో, వచ్చేపోయే జనాన్ని చూసుకునే జట్టులో డ్యూటీ మేనేజర్లలో నేనొకదాన్ని. నా షిఫ్టు ఉన్న రోజు తలుపు దగ్గర పలకరించే వాలంటీర్లు, దుకాణం, టవర్ టికెట్లు, మ్యూజియం కౌంటరు, కొవ్వొత్తులు, కానుకల పెట్టెలు అన్నీ నేనే చూసుకోవాలి. వచ్చినవాళ్ళు తృప్తిగా చూసి వెళ్ళాలి, చర్చికి నాలుగు డబ్బులు రావాలి. ఈ రెండు పనులూ వేరువేరు మనుషులకు అప్పజెప్తే మంచిదని కొందరంటారు. నేను ఒప్పుకోను. డబ్బు అడిగే మనిషికి, ఎదుటివాళ్ళు ఏం చూసి వచ్చారో, ఎందుకు వచ్చారో తెలిసుండాలి. లేకపోతే అడగడం రాదు.

పోయిన వేసవిలో మిడిల్స్‌బ్రోలో చదివే ఒకబ్బాయి అమ్మానాన్నల్ని తీసుకొచ్చాడు. టీసైడ్, సండర్లాండ్, నార్తంబ్రియా యూనివర్సిటీల్లో మన పిల్లలు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళ కాన్వొకేషన్లకు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది డర్హం కూడా చూసి పోతారు. ఆ తల్లి ఉత్తరపు తలుపు దగ్గరే ఆగి చెప్పులు విప్పేసింది.

"ఉంచుకోండమ్మా, ఇక్కడ విప్పక్కర్లేదు, నేల చల్లగా ఉంటుంది" అన్నాను.

తెలుగు వినేసరికి తలెత్తి చూసింది. "నువ్వు మనమ్మాయివే! ఎంత చల్లగుంటే మాత్రం, దేవుడి దగ్గరికి చెప్పులతో పోతమా బిడ్డా" అని అలాగే లోపలికి నడిచింది. జూలైలో కూడా ఆ రాయి పాదాలకు జివ్వుమంటుంది. నేను ఆ చెప్పులు తీసి డెస్క్ కింద పెట్టాను. నా పక్కనున్న ఇంగ్లిష్ వాలంటీరుకు చెప్పులెందుకు విప్పిందో చెప్తే, ఆవిడ చాలాసేపు ఆ అమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆమె భర్త మాత్రం పర్సు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "టికెట్ ఎంతమ్మా?"

"టికెట్ లేదండి. ఇష్టమైతే కానుక వేయొచ్చు."

"అయితే సర్కారు ఇస్తదా?"

"లేదండి."

పైకి చూశాడు. ఆ స్తంభాల చుట్టుకొలత ఎంతో, ఎత్తూ అంతే ఉంటుందని చెప్తారు మా గైడ్లు. వాటి మీదుగా రాతి కప్పు వరకు చూపు పోనిచ్చి, మళ్ళీ నా వైపు తిరిగాడు. "మరి ఇదెట్ల నడుస్తది?"

నా ఉద్యోగమంతా ఆ ప్రశ్నకు జవాబే.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు ఇంగ్లండ్‌లో 42 కెథెడ్రళ్ళున్నాయి. వీటి రోజువారీ ఖర్చులకు ప్రభుత్వం ఏటా ఇచ్చే సొమ్మంటూ లేదు. ప్రత్యేక మరమ్మతులకు అప్పుడప్పుడూ గ్రాంట్లు దొరుకుతాయి, అంతే. జాతీయ స్థాయిలో చర్చి నిధి నుంచి డీన్‌కూ, అంటే కెథెడ్రల్ పెద్ద పాదిరికీ, మరో ఇద్దరు అయ్యగార్లకూ జీతాలు వస్తాయి. మిగతావన్నీ, అంటే పాటబృందం, కరెంటు, అద్దాలు, ఊడ్చేవాళ్ళ జీతాలు, రాయి చెక్కే మేస్త్రీలు, ఎవరి కెథెడ్రల్ అది సంపాదించుకోవలసిందే. మాది ఇసుకరాయి కట్టడం. 1093 ఆగస్టులో పునాది రాయి వేసి, 1133కల్లా కప్పుతో సహా ప్రధాన భాగం పూర్తిచేశారు. ఇంత పెద్ద కట్టడంలో రాతి పక్కటెముకల మీద కప్పు నిలిపిన తొలివాటిలో ఇదొకటి. 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. జాబితాకెక్కినంత మాత్రాన రాయి అరగడం మానదు. గాలికీ వానకీ ఇసుకరాయి పొరలు పొరలుగా రాలుతుంది. ఆ రాలిన చోట కొత్త రాయి చెక్కి పెట్టడానికి మేస్త్రీలు ఏడాది పొడుగునా ఉండాలి. నడిమి టవర్‌ను బాగు చేయడానికే మూడేళ్ళ పాటు పరంజాలు కట్టి ఉంచారు. 2019లో మళ్ళీ జనాన్ని ఎక్కనిచ్చారు.

లండన్‌లోని సెయింట్ పాల్స్‌తో పాటు కాంటర్బరీ, యార్క్ మిన్‌స్టర్, లింకన్, ఈలీ కెథెడ్రళ్ళు టికెట్ పెట్టాయి. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళ లెక్కలు వాళ్ళవి. అక్కడ కూడా ఆరాధనకూ ప్రార్థనకూ వచ్చేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోరు. కానీ టికెట్ పెట్టిన మరుక్షణం తలుపు దగ్గర మనిషి ఒక ప్రశ్న అడగాల్సి వస్తుంది: మీరు చూడ్డానికి వచ్చారా, ప్రార్థనకు వచ్చారా? చాలామందికి ఆ జవాబు తలుపు దగ్గర తెలీదు. ఫొటోలు తీసుకుందామని వచ్చిన మనిషి, ఇక్కడ సమాధి చేసిన పాతకాలపు పుణ్యపురుషుడు కత్‌బర్ట్ సమాధి దగ్గర మోకరిల్లడం నేను చూశాను. తల్లి పోయిన వారానికి, ఎక్కడికి వెళ్ళాలో తోచక బస్సు దిగి లోపలికొచ్చేసిన కుర్రాడిని చూశాను. ఆ కుర్రాడిని "ఏ పని మీద వచ్చావు బాబూ" అని అడగాల్సిన ఉద్యోగం నాకొద్దు. మా దగ్గర ప్రవేశానికి టికెట్ లేదు. ఈ ఉద్యోగంలో చేరడానికి నాకదే పెద్ద కారణం.

టికెట్ లేదంటే అడగడం లేదని కాదు. ఇంకా బాగా అడగాలి. ఇక్కడి వాలంటీర్లు ఎక్కువమంది రిటైరైన టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు. ఒక్కొక్కరికీ ఈ గోడల గురించి నాకన్నా పదింతలు తెలుసు. కానీ డబ్బు మాట వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. అందుకని కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ముందు చోటు గురించి ఒక్క మాట చెప్పండి, ఆ తర్వాత ఈ చోటు మీ కానుకలతోనే నడుస్తుందని కళ్ళలోకి చూసి చెప్పండి, చెప్పి వదిలేయండి. పెట్టె వైపు చెయ్యి చూపించొద్దు. వేశారా లేదా అని వెనక నుంచి గమనించొద్దు.

కార్డు మిషన్ ఎక్కడ పెట్టాలన్నది మాలో మాకు ఎడతెగని చర్చ. లోపలికొచ్చే దారిలో ఉంటే అందరికీ కనిపిస్తుందంటారు కొందరు. చూసి వెళ్ళే దారిలో ఉండాలని నేనంటాను. వచ్చేటప్పుడు వేసే కానుక మొహమాటానికి వేసేది, వెళ్ళేటప్పుడు వేసేది మనసుపడి వేసేది. ఇప్పుడు రెండుచోట్లా ఉన్నాయి.

ఈ దేశంలో పన్ను కట్టేవాళ్ళు కానుక ఇస్తే, గిఫ్ట్ ఎయిడ్ కింద ఒక్కో పౌండుకు 25 పెన్నీలు ప్రభుత్వం కలుపుతుంది. వాళ్ళు కట్టిన పన్నులోంచే తిరిగొచ్చే సొమ్మది. £5 వేస్తే మాకు £6.25 అందుతుంది, వేసినవాళ్ళకు పైసా అదనపు ఖర్చు లేదు. దానికి కావలసిందల్లా పేరు, ఇంటి చిరునామా, పన్ను కడుతున్నానన్న మాట. ఆ చిన్న ఫారం నింపించడానికి వాలంటీరు వెచ్చించే అర నిమిషం, నా దృష్టిలో ఆ రోజంతటిలో అన్నిటికన్నా విలువైన అర నిమిషం. ఇక్కడ ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళు ఏ గుడికో చర్చికో మసీదుకో ఇచ్చేటప్పుడు ఈ ఫారం అడిగి నింపండి. ఊరికే వదిలేస్తున్నారు చాలామంది.

ఇక దుకాణం. ఒకప్పుడు ఇక్కడి మఠంలో క్రైస్తవ సన్యాసులు పడుకున్న పెద్ద గది కింద, రాతి కమానుల మధ్య ఉంది. పక్కనే క్యాంటీన్. "దేవుడి ఇంట్లో వ్యాపారమా" అని ఏడాదికి కొంతమందైనా నాతో అంటారు. యేసు ప్రభువు దేవాలయంలో రూకలు మార్చేవాళ్ళ బల్లలు పడదోసిన సంగతి గుర్తుచేస్తారు. నేను ఆ మాటను తేలిగ్గా తీసుకోను. ఆ బల్లల దగ్గర, దేవుణ్ణి చూడాలంటే ముందు మాకు చెల్లించు అన్నారు. మా తలుపు తెరిచే ఉంది, దుకాణం దాటి వెళ్ళాల్సిన పనిలేదు. ఈ తేడా ఎప్పుడు చెరిగిపోతుందో అప్పుడు ఆయన బల్లలు పడదోస్తే న్యాయమే.

అమ్మేదానికీ ఈ చోటుకూ సంబంధం ఉండాలన్నది నా పట్టుదల. కత్‌బర్ట్ 687లో చనిపోయాడు. ఆయన కోసం 698లో చెక్కిన ఓక్ శవపేటిక ముక్కలు, 1827లో ఆయన సమాధిలో దొరికిన బంగారు శిలువ, అందులో పొదిగిన ఎర్రటి గార్నెట్ రాళ్ళు ఇప్పుడు మా మ్యూజియంలో ఉన్నాయి, సన్యాసుల పాత వంటశాలలో. ఫార్న్ దీవుల్లో ఆయన కాపాడాడని చెప్పే సముద్రపు బాతుల్ని ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఆయన పేరుతోనే "కడ్డీ" బాతులంటారు, కత్‌బర్ట్‌కు ముద్దుపేరు అది. కాబట్టి ఆ శిలువ నమూనా అమ్మొచ్చు, ఆ బాతు బొమ్మ అమ్మొచ్చు. పిల్లవాడు బాతు బొమ్మ పట్టుకుని "ఇదెందుకు?" అని అడిగితే, కౌంటర్లో మనిషికి చెప్పడానికి ఒక కథ ఉంటుంది. ఎక్కడైనా దొరికే తాళంచెవుల గుత్తి మీద డర్హం అని అచ్చేసి పెడితే ఎవరికి ఏం చెప్తాం? సరుకు తెప్పించేవాళ్ళతో ఈ విషయంలో నేను గట్టిగానే వాదిస్తాను.

డబ్బు అడగడమూ, జనాన్ని కలుపుకోవడమూ ఒకటే పని కాగలదని నాకు నేర్పింది లెగో కెథెడ్రల్, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టింది. 2013లో మొదలుపెట్టారు. ఎవరైనా ఒక పౌండ్ ఇస్తే ఒక ఇటుక. తామే పెట్టొచ్చు కూడా. మూడేళ్ళలో మూడు లక్షల పైచిలుకు ఇటుకలతో, దాదాపు నాలుగు మీటర్ల పొడవున ఈ కెథెడ్రలే చిన్నదై నిలబడింది. ఆ సొమ్ము మ్యూజియం ఏర్పాటుకు వెళ్ళింది. అది కట్టేటప్పుడు నేనిక్కడ లేను. కానీ కాలేజీలో చేరిన పిల్లలు వచ్చి అద్దానికి ముక్కు ఆనించి "నాది ఆ టవర్ కింద మూడో వరసలో" అని స్నేహితులకు చూపించడం ఇప్పటికీ చూస్తాను. పౌండు ఎప్పుడో ఖర్చయిపోయింది. ఆ పిల్ల మాత్రం ఈ కట్టడంలో తనకూ వాటా ఉందనుకుంటోంది.

అన్ని ప్రయోగాలూ ఇంత చక్కగా కుదరవు. 2019 వేసవిలో నార్విచ్ కెథెడ్రల్ లోపల 55 అడుగుల జారుడుబల్ల పెట్టారు, రెండు పౌండ్లకు ఒకసారి జారొచ్చు. దేశమంతా రచ్చయింది. నేను మాత్రం వాళ్ళ పక్షమే. అక్కడ కప్పు నిండా వెయ్యికి పైగా చెక్కిన రాతి బొమ్మలున్నాయి, కింద నుంచి మెడ విరిగేలా చూసినా ఆనవు. జారుడుబల్ల ఎక్కినవాళ్ళు వాటిని దగ్గరగా చూశారు. అదే వేసవిలో రోచెస్టర్ కెథెడ్రల్ వాళ్ళు లోపల చిన్న గోల్ఫ్ పెట్టి, దారిలో వంతెనల నమూనాలు పేర్చారు. పిల్లలు సంతోషించారు, కానీ చూపు బంతి మీదే ఉంటుంది, తల పైకెత్తరు. 2024 ఫిబ్రవరిలో కాంటర్బరీలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాట్యం చేసే రాత్రులు జరిగాయి. వద్దని సంతకాలు సేకరించారు, బయట ప్రార్థనలు చేశారు. పాత చర్చి హాళ్ళలో మధ్యయుగాల్లో సంతలూ ఆటలూ జరిగేవని సమర్థించేవాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. అయినా నాకది మింగుడుపడలేదు. ఆ హాలు కాకుండా వేరే ఏ హాలైనా ఆ పాటలకు సరిపోతుంది కదా. తల పైకెత్తించని కార్యక్రమానికి ఈ కప్పు అక్కర్లేదు.

మా ప్రాంగణపు వసారాలకు హ్యారీ పోటర్ పిల్లలు గుంపులుగా వస్తారు, మొదటి సినిమాల్లో కొంత ఇక్కడ తీశారు. కొందరు వాలంటీర్లకు ఇది నచ్చదు. నాకు నచ్చుతుంది. సినిమా కోసం వచ్చిన పిల్లని లోపలికి తీసుకెళ్ళి, పడమటి వైపు నేల మీద అడ్డంగా ఉన్న నల్లరాతి గీత చూపించమంటాను. ఫ్రోస్టర్లీ రాయి, దగ్గరికి వంగి చూస్తే అందులో కోట్ల ఏళ్ళ కిందటి పగడాల గుల్లలు తెల్లగా కనిపిస్తాయి. సన్యాసుల కాలంలో ఆడవాళ్ళు ఆ గీత దాటి సమాధి వైపు వెళ్ళకూడదు. ఆ మాట చెప్పగానే ఆడపిల్లలందరూ ఏం చేస్తారో తెలుసా? గీత మీద రెండు కాళ్ళూ కూడదీసుకుని నిలబడి, ఒక్క గెంతు అవతలికి గెంతుతారు. ఏ ఆడియో గైడూ చేయించలేని పని అది. దానికి టికెట్ లేదు, చెప్పే మనిషి ఉంటే చాలు.

జూలై రెండో శనివారం గని కార్మికుల పండుగ. 1871 నుంచి ఉన్న ఆనవాయితీ. ఒక్కో గని ఊరి జెండా, పరదా అంత వెడల్పుది, ఇత్తడి బ్యాండు వెంటరాగా వీధుల్లో ఊరేగుతుంది. మధ్యాహ్నం కొన్ని కొత్త జెండాలు కెథెడ్రల్ లోపలికొస్తాయి ఆశీర్వాదానికి. గనిలో మనిషి పోయిన ఏడాది ఆ ఊరి జెండాకు నల్లగుడ్డ కట్టేవారు. డర్హం జిల్లాలో లోతు గనులు 1993తో ఆగిపోయాయి, అయినా జనం వస్తారు. బ్యాండు మెల్లగా అడుగులేస్తూ నడిచివస్తుంటే ఆ శబ్దం స్తంభాలకు తగిలి గుండెల్లో మోగుతుంది. మా తాత ఇల్లందు గనిలో పనిచేశాడు. సింగరేణి బొగ్గు 1889లో మొదట తీసింది అక్కడే, ఆ బొగ్గు రైలు వల్లే మా డోర్నకల్ జంక్షనయింది. దక్షిణం వైపు నడవలో 1947లో పెట్టిన గని కార్మికుల స్మారకం దగ్గర ముసలివాళ్ళు టోపీలు తీసి నిలబడితే, నాకు తాత తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చునే తీరు గుర్తొస్తుంది. ఆ రోజు నా షిఫ్టు పడితే మావాళ్ళకు ముందే చెప్పేస్తాను: ఇవాళ కానుక మాట ఎత్తొద్దు. వాళ్ళ తాతముత్తాతలు ఇవ్వాల్సిందంతా ఎప్పుడో ఇచ్చేశారు.

చర్చిలో కొనడం అమ్మడం నాకు కొత్తగా అనిపించకపోవడానికి మా డోర్నకలే కారణం. మా ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. కట్టించింది బిషప్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ శాఖలో, బిషప్ అయిన తొలి భారతీయుడు. గుమ్మటాలతో, మన కట్టడాల పోకడలతో కట్టించాడు, ఇంగ్లండ్ చర్చి నకలు కాదు. ఆయన సమాధి ఆ ఆవరణలోనే ఉంది. మా అమ్మమ్మ వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసేది, ఆదివారం అది చర్చికి పోయేది. కోత పండుగ వస్తే మరీ సందడి. గుమ్మడికాయలు, వడ్ల బస్తాలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు బలిపీఠం ముందు పెట్టేవారు. ఆరాధన అయ్యాక బయట చెట్టు కింద వేలంపాట. ఒక సొరకాయను పాడుకున్నాయన డబ్బు కట్టి, కాయ మళ్ళీ చర్చికే ఇచ్చేసేవాడు. దాన్ని మళ్ళీ పాడేవారు. ఒకే సొరకాయ నాలుగు చేతులు మారేది, పాట పెరిగేకొద్దీ చప్పట్లు పెరిగేవి. చివరికి దాన్ని ఏ ఆసరా లేని ముసలమ్మ ఇంటికో పంపేవారు. దాన్ని వ్యాపారమని ఎవరూ అనలేదు, భక్తి కాదనీ అనలేదు.

పర్సు పట్టుకుని నిలబడ్డ ఆ పెద్దాయనకు ఇదంతా చెప్పలేదు, క్యూ పెరుగుతోంది. "మీలాంటి వాళ్ళు తలో చెయ్యి వేస్తేనండి" అని మాత్రం అన్నాను. వాళ్ళది నర్సంపేట దగ్గర పల్లెట. కోత పండుగ వేలంపాట తెలుసా అంటే, మా పక్కింటోళ్ళు క్రిస్టియన్లే, ఓసారి కోడిపుంజును పాడుకొచ్చి మా నాయన మాట పడ్డాడు అని నవ్వాడు. గంటన్నర చూశారు. ఆమె కొవ్వొత్తి వెలిగించింది, ఆయన మిషన్ దగ్గర కొడుకు కార్డుతో కానుక వేయించాడు.

ఈ వైపు వచ్చే తెలుగువాళ్ళకు కొన్ని మాటలు. టవర్‌కు 325 మెట్లు, సన్నటి మెలికల దారి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను కింద వదిలి వెళ్ళండి, కింద కూర్చుని చూడ్డానికి బోలెడుంది. టవర్‌కూ మ్యూజియానికీ టికెట్ ఉంటుంది, మిగతా కెథెడ్రలంతా ఉచితం. ఒక్క గంటే ఉందంటే మ్యూజియంలో ఆ ఓక్ శవపేటికకే కేటాయించండి. దాని మీద కత్తిమొనతో గీసిన దేవదూతల ముఖాలున్నాయి, వెలుతురు ఏటవాలుగా పడితే తప్ప కనపడవు, కాస్త ఓపిక పట్టాలి. వీలైతే సాయంత్రం పాటల ఆరాధన దాకా ఆగండి. ఏ మతం వాళ్ళయినా వచ్చి కూర్చోవచ్చు, పాడక్కర్లేదు, లేవమన్నప్పుడు లేస్తే చాలు. శీతాకాలమైతే మేజోళ్ళు రెండు జతలు వేసుకోండి. చెప్పులు విప్పి తిరగాలనుకునే అమ్మల కోసం డెస్క్ కింద చోటుంది.